ఎనిమిదో కార్డులో నల్ల మెట్టు

తిరుపతి బైరాగిపట్టెడలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఆదివారాలు కీబోర్డు నేర్పుతుంటాను. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రాతో తిరుగుతాను కాబట్టి అప్పుడు క్లాసులుండవు. ఆషాఢంలో ఒక పిల్లాడు చేరాడు. నీట్ లాంగ్‌టర్మ్. అంటే ఒకసారి పరీక్ష రాసి, సీటు రాక, ఏడాదంతా మళ్ళీ అవే పుస్తకాలు తిరగేస్తున్నవాడు. హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు బయటికి వదులుతారు. అందులో ఒక గంట నా దగ్గర కూర్చుంటాడు.

మొదటి రోజే ఫలానా పాట కావాలన్నాడు. వాళ్ళకి ఫోన్లు ఉండవు కదా, నా ఫోన్‌లోనే వెతికి పెట్టాడు. గ్లోరియా గేనర్ పాడిన ‘ఐ విల్ సర్వైవ్’. 1978 నాటి పాట. వాడు పుట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ళ ముందుది. ఎవరో బంధువుల పెళ్ళిలో డీజే వేస్తే విన్నాడంట, అప్పటి నుంచి చెవిలో తిరుగుతా ఉందంట.

కార్డులు కాగితం మీద రాసిచ్చాను. రెండు మూడు సార్లు వాయించి చేతులు తీసేశాడు.

“సార్, ఇది ధైర్యం చెప్పే పాట కదా. ఏడుపు కార్డుతో ఎందుకు మొదలవుతుంది? పైగా ఎంతసేపు వాయించినా మళ్ళీ మొదటికే వస్తా ఉంది.”

ఇరవై ఏళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నా నన్నెవరూ ఇట్లా అడగలేదు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేనని నాకు అర్థమవడానికే రెండు ఆదివారాలు పట్టింది. దాన్ని ఇక్కడ విప్పి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు కార్డు సంగతి. మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కితే అది కార్డు. మన కర్ణాటక సంగీతంలో స్వరం వెంట స్వరం నడుస్తుంది, ఇట్లా గుంపుగా మోగదు. ఆ మూడింట్లో నడిమి స్వరం అర మెట్టు పైన ఉంటే మేజర్, కింద ఉంటే మైనర్. సంగీతం అ ఆలు రాని వాడిక్కూడా మైనర్ వింటే మనసు కాస్త బరువెక్కుతుంది. సినిమా పాటలతో పెరిగిన చెవులకు ఆ తేడా ఒకరు చెప్పాల్సిన పని లేదు. పిల్లాడు ‘ఏడుపు కార్డు’ అన్నది దాన్నే.

ఈ పాటలో కార్డులు 8. ఇంగ్లీషు అక్షరాలే వాటి పేర్లు. ఏ మైనర్, డి మైనర్, జి, సి, ఎఫ్, ఆ తర్వాత బి మీద కుదురులేని కార్డు ఒకటి, ‘ఈ’ మీద ఎటూ తేల్చకుండా వేలాడే కార్డు ఒకటి, చివర్న ‘ఈ’ మేజర్. ఒక్కో కార్డుకు 4 దెబ్బలు. మొత్తం 32 దెబ్బలకు ఒక చుట్టు. పాట వేగం నిమిషానికి దాదాపు 117 దెబ్బలు, అంటే చుట్టు తిరగడానికి 16 సెకన్ల పైచిలుకు.

మన భాషలో చెప్పుకుంటే ఇంకా అందంగా ఉంటుంది. ‘ఏ’ ని షడ్జం అనుకోండి. కార్డుల మూలస్వరాలు వరసగా స, మ, ని, గ, ద, రి, ప అవుతాయి. ప్రతి అడుగూ తనకు నాలుగో స్వరం మీద పడుతుంది. స నుంచి నాలుగోది మ, మ నుంచి నాలుగోది ని, అట్లా. సప్తస్వరాల్లో ఒక్కదాన్నీ వదలకుండా అందరి గడపా తొక్కి, ప దగ్గర రెండు కార్డుల సేపు ఆగి, మళ్ళీ స దగ్గరికి చేరుతుంది. ఇది ఈ పాట కోసం కొత్తగా పుట్టింది కాదు. 18వ శతాబ్దపు యూరప్ సంగీతంలోనే ఇట్లాంటి చక్రాలు బోలెడున్నాయి.

దారిలో మనసు ఎట్లా మారుతుందో చూడండి. మొదటి రెండూ మైనర్, దుఃఖం. తర్వాత మూడు మేజర్లు వరసగా వస్తాయి. కిటికీ తెరిచినట్టు ఉంటుంది. ఆ వెంటనే బి మీద అనుమానం. ఆ తర్వాత ‘ఈ’ మీద టెన్షన్. చివరి ‘ఈ’ మేజర్ వచ్చేసరికి పడితే షడ్జం మీదే పడాలి, ఇంకెక్కడికీ పోలేం అన్నట్టు తయారవుతుంది చెవి.

పిల్లాడికి ఇది మాటల్లో ఎక్కలేదు. అప్పుడు చేతులతో చూపించాను. మా నాన్న చిత్తూరు వైపు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఆయన కాలం వాళ్ళు కీ అనరు, మెట్టు అంటారు. తెల్ల మెట్టు, నల్ల మెట్టు. ఈ పాటలో మొదటి ఏడు కార్డులకూ అన్నీ తెల్ల మెట్లే. నల్లదాని మీద వేలు పడదు. ఎనిమిదో కార్డులో, ఆ ఒక్కచోట, జి కి కుడిపక్కనున్న నల్ల మెట్టు వస్తుంది.

“దాన్ని వదిలేసి మామూలు తెల్ల జి నొక్కు” అన్నాను. నొక్కాడు. చుట్టు పూర్తయింది గానీ ఏ మైనర్‌లోకి ఊరికే జారిపోయింది. అలిసిపోయిన మనిషి కుర్చీలో కూలబడినట్టు. “ఇప్పుడు నల్లది నొక్కు.” నొక్కాడు. ఈసారి ఆ ఎనిమిదో కార్డు వెనక నుంచి తోసినట్టు మొదటి కార్డు మీదికి దూకింది. వాడు అదే చోట నాలుగుసార్లు తిప్పి తిప్పి వాయించాడు. తెల్లది, నల్లది, తెల్లది, నల్లది. నల్లది పడిన ప్రతిసారీ తల కొద్దిగా ముందుకు వంచుతున్నాడు, వాడికి తెలియకుండానే.

ఆ మెట్టు మన లెక్కలో కాకలి నిషాదం, అంటే పై ని. తెల్ల జి కైశికి నిషాదం, కింది ని. రాగాలకూ కార్డులకూ పొంతన పెట్టడం తప్పే గానీ, స్వరాల వరకు చూస్తే ఏడు కార్డుల సేపు 20వ మేళకర్త (మూల రాగం) నటభైరవి స్వరాల్లో ఉన్న పాట, ఎనిమిదో కార్డులో 21వ మేళకర్త కీరవాణి స్వరాల్లోకి ఒక్క అడుగు వేసి వస్తుంది. తేడా నిషాదం ఒక్కటే. ఆ ఒక్క స్వరమే చక్రాన్ని తోస్తుంది.

ఇంకొకటి. మామూలుగా పాశ్చాత్య పాటల్లో చరణం ఒక దారిలో పోయి, పల్లవికి వచ్చేసరికి కార్డులు మారతాయి. విజయం గురించిన పాటైతే పల్లవిలో మేజర్‌లోకి ఎత్తుతారు. ఇక్కడ అదేం లేదు. భయపడ్డాను అన్నప్పుడూ ఈ ఎనిమిదే, బతికేస్తాను అన్నప్పుడూ ఈ ఎనిమిదే. కింద నేల మారదు. దాని మీద నడిచే మనిషి మారుతుంది. ధైర్యం చెప్పే పాట ఏడుపు కార్డుతో మొదలవడమే కాదు, ప్రతి 16 సెకన్లకూ ఆ ఏడుపు కార్డు దగ్గరికే వచ్చి, మళ్ళీ బయల్దేరుతుంది. పిల్లాడి రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే అన్నది ఇందుకే.

అలిపిరి మెట్ల దారిలో కొందరు ఆడవాళ్ళు ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ ఎక్కుతారు, మీరు చూసే ఉంటారు. 3550 మెట్లు. వంగడం, పసుపు రాయడం, బొట్టు పెట్టడం, లేవడం. మెట్టు మెట్టుకూ అదే పని. మొదటి మెట్టు దగ్గర వంగిన మనిషీ గాలిగోపురం దగ్గర వంగిన మనిషీ చేసేది ఒకటే, కానీ ఆ రెండు వంగడాలూ ఒకటేనని పక్కన నడిచినవాళ్ళెవరూ అనరు. ఈ పాట వింటున్నప్పుడు నాకు వాళ్ళే గుర్తొస్తారు.

ఇప్పుడు పాట పుట్టుక. దీన్ని రాసింది డినో ఫెకారిస్, ఫ్రెడ్డీ పెరెన్. వింటే ఇది మొగుడో ప్రియుడో వదిలేసిన ఆడమనిషి పాట. కానీ మొదటి విత్తనం ప్రేమది కాదు, పోయిన ఉద్యోగానిది. ఫెకారిస్ అమెరికాలో మోటౌన్ అనే పెద్ద సంగీత కంపెనీలో పాటలు రాసేవాడు. అక్కడ పని పోయింది. ఇంట్లో టీవీ వేస్తే తను ఒక సినిమాకు రాసిన పాటే వస్తోంది. అది మంచి శకునమనుకుని మంచమెక్కి గెంతాననీ, నేను గట్టెక్కుతాను, బతికేస్తాను అని అరిచాననీ ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. పాట తయారయ్యాక చాలా రోజులు దానికి తగ్గ గొంతు కోసం చూశారు.

గ్లోరియా గేనర్‌ది అప్పుడు గడ్డుకాలం. 70ల నడుమ డిస్కోలో పెద్ద పేరు తెచ్చుకున్న గాయని. 1978లో ఒక ప్రదర్శనలో వేదిక మీద వెనక్కి పడింది. మర్నాడు లేచేసరికి నడుము కింద స్పర్శ లేదు. వెన్నెముకకు ఆపరేషన్, నెలల తరబడి మంచం. రికార్డింగు కంపెనీ ఆమెతో వేరే పాట పాడించాలనుకుంది. దక్షిణాఫ్రికా బృందం ఒకటి పాడగా యూరప్‌లో హిట్టయిన ‘సబ్‌స్టిట్యూట్’ అనే పాట. అది చేసిపెట్టమని పెరెన్‌ని అడిగితే, రికార్డు వెనకవైపు నా పాట వేస్తేనే చేస్తానన్నాడు.

నల్ల ప్లేటు రికార్డులు చూసినవాళ్ళకు తెలుసు. ముందువైపు కంపెనీ నమ్ముకున్న పాట, వెనకవైపు ఏదో ఒకటి. ఐ విల్ సర్వైవ్ ఆ ‘ఏదో ఒకటి’. రికార్డింగు రోజున సాహిత్యం కాగితం తెచ్చుకోవడం మరిచిపోయి, ఒక గోధుమరంగు కాగితం సంచీ మీద రాసిచ్చారని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. నడుముకు పట్టీ బిగించుకుని పాడింది. చదవగానే తన వెన్ను సంగతీ, అంతకుముందు పోయిన తల్లీ గుర్తొచ్చారని కూడా చెప్పింది. ప్రియుడి మాటే లేదు చూడండి. రాసినవాడిది ఉద్యోగం, పాడినామెది వెన్నెముక. మధ్యలో ప్రియుడు పాటకు ఆకారం ఇవ్వడానికి వచ్చినవాడు.

వెనకవైపు పాట కావడం దానికి మేలు చేసిందని నా నమ్మకం. అప్పటి డిస్కో పాటల్లో వెనక కోరస్ ఆడవాళ్ళు, గొంతు మీద గొంతు, దాని మీద ఇంకేవో మెరుగులు. దీన్నెవరూ అంత పట్టించుకోలేదు. వెనక పాడేవాళ్ళు లేరు. ఒక్క గొంతు. బతుకుతానని చెప్పే మనిషి వెనక పదిమంది వంత పాడుతుంటే ఆ మాటకు బలం ఉండేదా?

న్యూయార్క్‌లో స్టూడియో 54 అనే పేరున్న డాన్స్ క్లబ్బు. అక్కడి డీజే రిచీ కాజర్ రికార్డును తిప్పి వెనకవైపు వేశాడు. జనం దాన్నే మళ్ళీ మళ్ళీ అడిగారు. రేడియోల వాళ్ళూ తిప్పేశారు. 1979 మార్చికి అమెరికాలో, బ్రిటన్‌లో రెండుచోట్లా మొదటి స్థానం. 1980లో ఉత్తమ డిస్కో రికార్డింగ్ అని గ్రామీ ఇచ్చారు. ఆ విభాగంలో అవార్డు ఇచ్చింది ఆ ఒక్క ఏడాదే. 2016లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచవలసిన ధ్వనుల పట్టికలో చేర్చింది. అవార్డుల సంగతి అంతవరకు చాలు.

మాటల దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

పాట పియానో మీద ఒక జలపాతంలాంటి పరుగుతో మొదలవుతుంది. ఆ తర్వాత దాదాపు ఖాళీ. డ్రమ్ముల్లేవు. భయపడ్డాను, రాయిలా బిగుసుకుపోయాను, నువ్వు లేకుండా బతకలేననుకున్నాను, రాత్రుళ్ళు అదే ఆలోచన, తర్వాత ఎట్లా నెగ్గుకురావాలో నేర్చుకున్నాను అని నెమ్మదిగా, ఎవరికో చెప్పుకున్నట్టు పాడుతుంది. అప్పుడు ఆ మనిషి తిరిగొస్తాడు. ఇంట్లో ఎదురుగా ఉంటాడు. సరిగ్గా అక్కడ డ్రమ్ములు మొదలు. ఆ ఊపులోనే అంటుంది, ఆ తలుపు తాళం మార్చేసి ఉండాల్సింది, నీ చేత తాళంచెవి ఇప్పించుకుని ఉండాల్సింది అని.

తాళం. తెలుగులో మనకు తలుపుకు వేసేదీ తాళమే, పాటకు వేసేదీ తాళమే. ఇంగ్లీషులో రాసినవాళ్ళకు ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. కానీ తెలుగు చెవితో వింటే, తలుపు తాళం గురించి మాట్లాడే చోట పాటకు తాళం పడుతుంది. పిల్లాడికి ఇది చెప్పినప్పుడు వాడి మొహం వెలిగిపోయింది. అట్లాంటి క్షణాల కోసమే నేను పాఠాలు చెబుతాను.

చరణాల్లో ఇట్లా తాళం, తాళంచెవి, మొహం అన్నీ ఎదురుగా కనిపిస్తాయి. పల్లవి రెండో సగానికి వచ్చేసరికి ఆ సామానంతా పోతుంది. బతకడానికి నాకు జీవితం ఉంది, ఇవ్వడానికి ప్రేమ ఉంది, బతికేస్తాను అంతే. ఎవరి నుంచి, దేని నుంచి అన్నది అక్కడ లేదు. అందుకే ఎవరికి వాళ్ళు వాళ్ళ కష్టాన్ని అందులో పెట్టుకోగలిగారు. ఆడవాళ్ళు పెట్టుకున్నారు. ఎయిడ్స్‌తో స్నేహితుల్ని పోగొట్టుకున్న స్వలింగ ప్రేమికులు 80లలో దీన్ని తమ పాట చేసుకున్నారు. 1998లో ప్రపంచ కప్పు గెలిచిన ఫ్రాన్స్ ఫుట్‌బాల్ జట్టుకు ఇదే పాట వేరే బృందం గొంతులో విజయగీతం అయింది. చరణం ఒకరిది, పల్లవి ఊరందరిదీ. పల్లవిని అట్లా ఊరందరి నోటికీ అందేలా కట్టడం ఈ కొండ కింద వాళ్ళకు కొత్త కాదు. అన్నమయ్య ఆరు వందల ఏళ్ళ కిందటి మనిషి.

ఇంకో తేడా. మన ధైర్యం పాటల్లో ఎక్కువగా ఒక పెద్దమనిషి మనతో మాట్లాడతాడు. ఓడిపోకు, ఆగిపోకు, లే, నడు. ‘నువ్వు’ అని పిలుస్తాడు. వాటి మీద నాకు గౌరవముంది, స్టేజీ మీద వాయించి ఏడ్చిన రోజులున్నాయి. కానీ ఈ పాటలో ‘నేను’ తప్ప ఇంకో దిక్కు లేదు. ధైర్యం చెప్పేదీ తనే, వినేదీ తనే. ‘నువ్వు’ అన్న మాట వదిలేసి పోయినవాడికే దక్కింది.

లాంగ్‌టర్మ్ పిల్లలకు నువ్వు సాధిస్తావు అని చెప్పేవాళ్ళకు కరువు లేదు. హాస్టల్ గోడల నిండా అవే రాసి ఉంటాయి. వాడు ఈ పాట కోరుకోవడంలో ఆశ్చర్యం నాకు క్రమంగా పోయింది.

ఆ పేరును తెలుగులో ఏమనాలని ఒక ఆదివారం ఇద్దరం కూర్చున్నాం. ‘జీవిస్తాను’ అన్నాడు. పుస్తకం వాసన. ‘గెలుస్తాను’ అన్నాడు. పాటలో గెలుపు లేదు. ‘బతుకుతాను’ దగ్గర ఆగాం. బతుకుతాను అంటే రేపు బతుకుతాననీ అవుతుంది, రోజూ బతుకుతూ ఉంటాననీ అవుతుంది. రోజూ అన్నం తింటాను, రేపు అన్నం తింటాను. క్రియ ఒకటే. ఇంగ్లీషు పేరులో రేపటి ప్రతిజ్ఞ మాత్రమే ఉంది. తెలుగులోకి వస్తే అందులోకి ఇవాళ్టి అలవాటు కూడా వచ్చి చేరుతుంది. ఆ ఎనిమిది కార్డుల చక్రం చెప్పేది కూడా ఆ రెండోదే కదా.

ఇంకా దగ్గరి మాట మా వైపు వీధుల్లోనే ఉంది. ఎట్లుండావన్నా అంటే ‘ఏదో నెట్టుకొస్తా ఉండాం’ అంటారు. నెట్టడమూ ఉంది, రావడమూ ఉంది. ఎనిమిదో కార్డు నెడుతుంది, మొదటి కార్డు వస్తుంది.

2020లో నాకు ఈ పాట వేరే విధంగా తగిలింది. ఏప్రిల్, మే ముహూర్తాలన్నీ పోయాయి. కల్యాణ మండపాలు మూతపడ్డాయి. రెండు కీబోర్డుల్లో ఒకటి అమ్మేశాను. ఆ మార్చిలోనే ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. 76 ఏళ్ళ గ్లోరియా గేనర్ తన పాట మోగుతుంటే సబ్బుతో చేతులు కడుక్కుంటోంది. 20 సెకన్లు కడగాలి కదా, ఒక చుట్టు పాడి పైన ఒక ముక్క పాడితే సరిపోతుంది. అదే ఏడాది జనవరిలో ఆమెకు భక్తి గీతాల ఆల్బమ్‌కు మరో గ్రామీ వచ్చింది, మొదటిదానికి 40 ఏళ్ళ తర్వాత. నేను మాత్రం ఆ వేసవంతా కుళాయి దగ్గర నిలబడి ఆ ఎనిమిది కార్డులూ మనసులో తిప్పుకుంటూ చేతులు కడుక్కున్నాను. మళ్ళీ మొదటి పెళ్ళికి వాయించడానికి పోయినప్పుడు వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి గానీ ఆ చుట్టు మాత్రం తడబడలేదు.

పోయిన ఆదివారం పిల్లాడు పాటంతా వాయించాడు. ఎడమచేత్తో మూలస్వరాలు, కుడిచేత్తో కార్డులు. ఐదారు చుట్లు తిరిగాక నా వైపు చూశాడు.

“ఎక్కడ ఆపాలి సార్?”

రికార్డులో ఈ పాటకు ముగింపు లేదు. ఆమె పాడుతూనే ఉంటుంది, చక్రం తిరుగుతూనే ఉంటుంది, శబ్దం మెల్లమెల్లగా తగ్గి వినపడకుండా పోతుంది. స్టేజీ మీద మాకది కుదరదు కాబట్టి ఏ మైనర్ మీద గట్టిగా కొట్టి ఆపేస్తాం. అదే చెప్పాను.

వాడు ఏ మైనర్ మీద ఆపి చూశాడు. మొహం అదోలా పెట్టాడు. మళ్ళీ మొదలుపెట్టి ఈసారి ఎనిమిదో కార్డు మీద, నల్ల మెట్టు నొక్కి పట్టుకుని ఆగాడు. గదిలో ఆ కార్డు అట్లాగే వేలాడింది. కింద వీధిలో హాస్టల్‌కి తీసుకెళ్ళే ఆటో అన్న రెండుసార్లు హారన్ కొట్టాడు.

“వస్తా ఉండా అన్నా” అని కిటికీలోంచి కేకేశాడు, మెట్టు మీద వేలు తియ్యకుండానే.